మొగిలయ్య కట్టిన రేసు కార్లు

“ఇంకొక్క కారు గిట్ల కడితె మన పిల్లకు పాలడబ్బా గూడ కొనలేం. నాకు భయమైతాంది.”

ఆరు నెలల కూతుర్ని భుజాన వేసుకుని సుగుణ తన భర్త మల్లికార్జున్‌తో అన్న మాట ఇది. 1978 ఎండాకాలం. మల్లికార్జున్ పేపరు లోంచి తల ఎత్తలేదు. “మా బాపును నేనేమడుగుత? బీయెస్సీ చదివినవ్ గద, నువ్వే అడుగు” అన్నాడు.

ఆ బాపు పేరు మొగిలయ్య. పాలకుర్తి దగ్గరి పల్లెలో ఎడ్లబండ్లు చేసే వడ్రంగి కొడుకు. ఇరవై ఏళ్ల వయసులో వరంగల్ వచ్చి లారీలకు చెక్క బాడీలు బిగించాడు. తర్వాత రేకు పని నేర్చుకుని ములుగు రోడ్డులో సొంతంగా షెడ్డు వేశాడు. అడవి ఊళ్లకు మనుషులను మోసే జీపులకు టాపులు, తలుపులు, వెనక బెంచీలు అక్కడే అమర్చేవారు. ఏడాదికి పదిహేను జీపులు వచ్చేవి. ఆయనకు స్టీరింగు పట్టడం రాదు. పని పూర్తయిన బండి రోడ్డెక్కుతుంటే వెనకాల నిలబడి చెవి ఒగ్గి వినేవాడు. ఎక్కడైనా రేకు గలగలమంటే “ఆపుండ్రి, ఆపుండ్రి!” అంటూ పంచె ఎగ్గట్టి వెంట ఉరికేవాడు.

రెండేళ్లకొకసారి మాత్రం ఆ షెడ్డులో రేసు కారు తయారయ్యేది. పాత హెరాల్డ్ కారు కొని, పై బాడీ మొత్తం ఊడదీసి, మిగిలిన అడుగు చట్రం, అదే చాసిస్, మీద రెండు సీట్ల ఓపెన్ కారు కట్టేవారు. కొనేది మిల్లుల యజమానుల తమ్ముళ్లు, కొడుకులు. దాని వంపులన్నీ షెడ్డులో రేకు పని చేసే వెంకట్రాజం చేతివి. ఇసుక మూట మీద రేకు పరిచి కర్ర సుత్తితో సన్నగా కొట్టేవాడు, కళ్లు మూసుకుని అరచేత్తో తడిమేవాడు, మళ్లీ కొట్టేవాడు. “రాజమన్నా, నా పెండ్లికి ఇస్తవా గీ కారు?” అని దారినపోయేవాడు అరిస్తే, “కారుకేంరా, ముందుగాల నీకు పిల్లనిచ్చేటోన్ని ఎతుక్కో” అనేవాడు చెయ్యి ఆపకుండా.

సుగుణకు ఏదైనా కాగితం మీద పెడితే తప్ప నమ్మకం కుదరదు. కూతురి బరువు వారం వారం గ్రాఫు మీద చుక్క పెట్టుకునే మనిషి. షెడ్డు చిట్టా చేతికి వచ్చాక దానికీ గ్రాఫు గీసింది. ఒక రేసు కారుకు మూడు నెలలు పడుతుంది. ఆ మూడు నెలల్లో నాలుగు జీపులు పూర్తవుతాయి. కారు ధరలోంచి రేకు, రంగు, పాత బండి వెల తీసేస్తే మిగిలేది ఒక్క జీపు మీద వచ్చేపాటి. అంటే ప్రతి కారూ మూడు జీపుల సంపాదన మింగేస్తోంది.

మొగిలయ్య ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. “గీత మంచిగ గీసినవ్ బిడ్డా. లెక్క తప్పు లేదు. నాకెరికే.”

“మరెందుకు కడుతాన్లు మామా?”

“ఎట్ల చెప్పాల్నో తెల్వది” అని లేచి వెళ్లిపోయాడు. చదువుకోని మనిషి మొండితనం అనుకుంది సుగుణ.

జూన్‌లో మొగిలయ్య చుట్టాల పెళ్లికని పాలకుర్తి వెళ్లాడు. ఆ మర్నాడే హన్మకొండ నుంచి కిషన్ రావు అనే మిల్లు యజమాని వచ్చాడు, తమ్ముడికి రేసు కారు కట్టించాలని. సుగుణ గుమ్మంలోనే నిలబడి, “ఇగ అవి కడుతలేరు సార్” అంది.

“మొగిలయ్యే అన్నడా?”

“అన్నడు.”

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం. ఆ పూట కూతురికి పాలు పడుతూ ఆమె కూనిరాగం కూడా తీసింది.

మొగిలయ్య తిరిగి వచ్చాక ఎలా చెప్పాలా అని ఆమె ఇంకా ఆలోచిస్తుండగానే, బజారులో విన్న మాట పట్టుకుని వెంకట్రాజం వచ్చాడు. అప్పుడు సుగుణ చాయ్ గ్లాసులతో అక్కడే ఉంది.

“కిషన్ రావు సార్‌ను వాపసు పంపినవటనే మొగిలన్నా? పదిహేనేండ్ల సంది నీ కాడుంటి. నాతోని ఒక్క మాట అనాల్నని లేకపాయెనా?”

మొగిలయ్యకు ఏమీ అర్థం కాలేదు. కోడలి ముఖం చూశాడు. అర్థమైంది. “అవ్ రాజం, నేనే వద్దన్న” అన్నాడు చెవి గోక్కుంటూ. “గిట్టుబాటైతలేదు.”

సుగుణ నోరు తెరిచింది. “పిల్ల ఏడుస్తాంది” అని లోపలికి వెళ్లిపోయింది. పిల్ల హాయిగా నిద్రపోతోంది. బయట సుత్తి కింద పెట్టిన చప్పుడు వినబడింది.

మర్నాటి నుంచి వెంకట్రాజం రాలేదు. మొగిలయ్య కోడలిని ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆమెకు అన్నం సహించేదేమో. కొత్తగా ఒక పనివాణ్ని పెట్టుకున్నారు. వానలు మొదలైన వారానికే ములుగు జీపు ఓనర్ వచ్చి రోడ్డు మీద నిలబడి కేకలేశాడు. “కొత్త టాపు కారుతాంది! బస్తాల మీదగాదయ్యా, ముసలామె నెత్తి మీద ధార కారింది! ఇన్నేండ్లల్ల ఎన్నడన్న కారిందా?” వెంకట్రాజం టాపు అంచును ఒక వంపు తిప్పి మడిచేవాడు, నీళ్లు బయటికి జారేలా. రేసు కారు కడుతూ పట్టుకున్న కిటుకు అది. సుగుణ గ్రాఫులో దానికి చోటు లేదు. అరవై ఏళ్ల మొగిలయ్య చేతులు కట్టుకుని “తప్పైంది పటేలా” అంటుంటే ఆమె కిటికీ పక్కన గోడకు ఒదిగి నిలబడింది.

ఆ సాయంత్రమే పిల్లను చంకనెత్తుకుని వెంకట్రాజం ఇంటికి పోయింది. అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు.

“రాజం మామా, వద్దన్నది మా మామ గాదు. నేను. నేనే అబద్ధమాడిన.”

“నాకెరికే కోడలా” అన్నాడు వెంకట్రాజం. “మొగిలన్నకు అబద్ధమాడరాదు. ఆడితె చెవి గోక్కుంటడు.”

“ఎరికైతె మరెందుకు రాలే?”

“ఎవరన్న అచ్చి నిజం చెప్తరేమోనని చూసిన. హైదరాబాద్ షెడ్డోళ్లు ఎనిమిదేండ్ల సంది పిలుస్తాన్లు, రెండింతల జీతం. నెల రోజులు ఆగిన. నిన్ననే వాళ్లకు మాటిచ్చిన.” పిల్ల బుగ్గ తాకాడు. “జర ముందుగాల రావద్దా బిడ్డా?”

దారి పొడుగునా ఆమె తల ఎత్తలేదు. ఒక్క రోజు ముందు! నోరు తెరవడానికి ఆమెకు ముప్ఫై రోజులు ఉన్నాయి.

వెంకట్రాజం వెళ్లిపోయే ముందు షెడ్డుకు వచ్చాడు. ఇద్దరూ చాయ్ తాగారు, చాసిస్‌ల ధరల గురించి మాట్లాడుకున్నారు, అంతే. బస్సు కదిలాక మొగిలయ్య చాలాసేపు రోడ్డు మీదే ఉన్నాడు.

“మామా, నన్ను తిట్టుండ్రి” అంది సుగుణ.

“తిడితె రాజం అస్తడా? కారు మీద పైసలు రాలే, నీ లెక్క నిజమే. గా కారు రేకు కొట్టొచ్చని వాడు నా కాడున్నడు. వాడున్నడని జీపులచ్చినయ్. గిది నీకు చెప్పరాకపాయె నాకు. నా తప్పు గూడ ఉన్నది.”

ఆ తర్వాత ఆ షెడ్డులో రేసు కారు తయారు కాలేదు. జీపులు కూడా తగ్గాయి. సుగుణ కూతురికి ఇప్పుడు నాలుగేళ్లు. పొద్దంతా అగ్గిపెట్టెల్లో తడి మట్టి కూరి ఇటుకలు చేస్తూ కూర్చుంటుంది. అక్షరాలు దిద్దే వేళ అయిపోతోందని, గోళ్లలో మట్టి చేరి జ్వరం తెచ్చుకుంటుందని సుగుణకు బెంగ. లాగేసుకుందామని లేస్తుంది. లేచి, వెళ్లి, పక్కన కూర్చుంటుంది. వెంకట్రాజం బస్సెక్కిన రోజు మొగిలయ్య ఇంకో మాట కూడా చెప్పాడు మరి:

“ఏదన్న బంద్ పెట్టాల్ననిపిస్తె, ముందుగాల పొయ్యి దాన్ని చేసేటోని పక్కన కూసో. ఒక పూట చూడు. గప్పుడు చెప్పు.”