పేరు దొరకని తూటా

పక్క ఎరువుల దుకాణంలో మామిడి తోటలకు చల్లే గంధకం బస్తా విప్పినప్పుడల్లా ఆ ఘాటు గోడ దాటి మా ఇనుప సామాను దుకాణంలో నా గల్లా పెట్టె దాకా వస్తుంది. వచ్చిన ప్రతిసారీ నా ఘనకార్యం ఒకటి గుర్తొస్తుంది. ఖమ్మంలో బేరం తెలిసినవాళ్లు బోలెడుమంది. కానీ ఏ తూటా వేయాలో ఎవరికీ తెలియని తుపాకికి, చూసిన అరగంటలో ఇరవై వేలు బయానా ఇచ్చి వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. అదీ అమ్మేవాళ్లు ముప్ఫై అడిగితే ఇరవైకి దించి. దించినందుకు బస్సులో దారి పొడవునా నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ తుపాకి వేంసూరు దగ్గర ఒక రైతు కుటుంబానిది. తాతల నాటి జర్మనీ సరుకు. పైన ఛర్రాలు, అంటే సన్నటి సీసపు గుళ్లు, పేల్చే నున్నటి గొట్టం, కింద లోపల మెలికల గాడులున్న రైఫిలు గొట్టం, రెండూ ఒకే కర్రకు బిగించి ఉంటాయి. పెద్దాయన చనిపోయాక, నేను వాళ్లింట్లో చూసి బయానా ఇచ్చొచ్చిన వారానికి, కొడుకు దాన్ని ఖమ్మంలో ఒక తుపాకుల దుకాణంలో జమ చేశాడు. నెలలోపు అమ్మిపెడతానని, లేకపోతే బయానా వదులుకుంటానని నేను మాటిచ్చాను. కొనేవాడు సిద్ధంగానే ఉన్నాడు. కొత్తగూడెంలో బొగ్గు లారీలు తిప్పి మానేసిన కాంట్రాక్టరు, లైసెన్సున్న మనిషి, పాత వస్తువులంటే పిచ్చి. చిక్కల్లా ఒకటే. బదిలీ కాగితంలో రైఫిలు తూటా పేరు రాయాలి. పాత లైసెన్సులో ‘తుపాకి ఒకటి’ అని తప్ప ఇంకేమీ లేదు. పేరు దొరక్కపోతే బదిలీ లేదు, నా ఇరవై వేలూ లేవు.

ఆ దుకాణంలో మరమ్మతులు చేసేది మస్తాన్ చాచా. అడవి పందుల నుంచి చేలు కాచుకునే రైతులు భద్రాచలం అంత దూరం నుంచి ఆయన చేతి పని కోసమే వచ్చేవాళ్లు. డెబ్బై ఏళ్లుంటాయి. కళ్లద్దాలకు ఒక పక్క కాడ బదులు దారం. ఏ తుపాకినైనా ముట్టుకునే ముందు అన్నానికి కూర్చునేవాడిలా చేతులు కడుక్కునేవాడు.

నేను వెళ్లేసరికే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. గొట్టం అడుగున నూట ఎనిమిది అని చెక్కి ఉండటం నేను చూశాను. అదే తూటా నంబరని తేల్చుకుని హైదరాబాదులో మూడు దుకాణాలకు ఫోన్ చేసి నూట ఎనిమిదో నంబరు తూటా గురించి అడిగాను. ఒకరు నవ్వారు, ఒకరు పెట్టేశారు, మూడోవాళ్లు అది అంబులెన్సు నంబరన్నారు. చాచా ఇదంతా విని నవ్వలేదు. మీ నాయనది ఇనుప సామాను దుకాణమే కదా అని అడిగాడు. అవునన్నాను.

“తీగ గేజి పెరిగితే తీగ లావైతదా, సన్నమైతదా?”

“సన్నమైతది చాచా.”

“గిది గూడ గంతే. ఈ గొట్టంల సరిగ్గ పట్టే సీసం గుండ్లు తెల్లోళ్ల పౌను బరువుకు నూట ఎనిమిది తూగుతయ్. గది తూటా పేరు గాదు, బొక్క కొలత. ఇరవై ఏండ్లు తీగ అమ్మినవ్, గింత తెల్వదా సేటూ?”

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గేజి అమ్మినవాణ్ని. అంకె కనిపిస్తే చాలు, అది సరుకు పేరో ధరో అయి తీరాలని నమ్మడం మా దుకాణాలవాళ్ల జబ్బు.

తర్వాత నాలుగు రోజులు ఆయన పని చూస్తూ కూర్చున్నాను. తూటా కూర్చునే గది లోపల నూనె పూసి, ముందు భాగంలో గుడ్డ పేలిక కూరి, గంధకం కరిగించి పోసేవాడు. గట్టిపడ్డాక కడ్డీతో వెనక నుంచి నెట్టితే పసుపుపచ్చగా, పొడుగ్గా ఆ గది అచ్చు బయటికొచ్చేది. మెత్తని సీసం గుండును గొట్టంలోంచి కొట్టి దాన్నీ కొలిచేవాడు. కానీ గంధకం చల్లారేకొద్దీ కుదించుకుపోతుంది. పొద్దున కొలిచినది మధ్యాహ్నానికి వెంట్రుకవాసి తగ్గేది. మళ్లీ పోసేవాడు, మళ్లీ ఇంకో కొలత. ఆయన పాత పుస్తకంలో బొమ్మలు చూస్తే ఒకరోజు ఒక తూటా దగ్గరగా కనిపించేది, మర్నాడు ఇంకొకటి. రెండూ ఎప్పుడో తయారీ ఆగిపోయినవే. చూసీ చూసీ నాకు తల తిరిగింది. ఆయనకూ తిరిగిందనుకుంటాను, అద్దాలు తీసి ఊరికే తుడుస్తుండేవాడు.

నాలుగో రోజు ఆయన డబ్బాలోని ఖాళీ తూటా తొడుగుల్లోంచి ఒకటి నేనే తీసి ఆ గదిలో పెట్టాను. సుతారంగా జారింది. తుపాకి మూసుకుంది. దొరికింది, రాసేయ్ చాచా, జల్దీ, అన్నాను.

ఆయన కాలి చెప్పులు విడిచి నా వైపు నెట్టాడు. “తొడుక్కో.” తొడుక్కున్నాను. “పట్టినయా? మరి నీవేనా అవి?”

ఆ తొడుగులో ఉండే గుండు ఈ గొట్టం కన్నా లావు. పేల్చితే ముందుకు పోలేక, ఆ బలమంతా వెనక్కి, పేల్చినవాడి ముఖం మీదికి వస్తుందని వివరంగా చెప్పాడు. ఆ తర్వాత కాగితం తీసుకుని ఉర్దూ లిపిలా వంకర్లు తిరిగే తెలుగులో రెండు ముక్కలు రాశాడు. “తూటా పేరు తెలియలేదు. పేల్చరాదు.” కింద సంతకం.

యాభై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి తెలియదని రాసి సంతకం పెట్టడం నేనెక్కడా చూడలేదు. మా గల్లీలో తెలియదంటే గిరాకీ పక్క దుకాణానికి పోతుంది. కోపంగా ఆ కాగితం జేబులో పెట్టుకుని, ఆ ఖాళీ తొడుగు మీదున్న పేరు ఇంకో కాగితం మీద చక్కగా టైపు చేయించి కొత్తగూడెం బస్సెక్కాను.

కాంట్రాక్టరు మర్యాదస్తుడు. బోటి కూరతో అన్నం పెట్టించాడు. నేను టైపు కాగితం తీయబోతుంటే ఆయన అరచేతులు రుద్దుకుంటూ, “పేరు తెలిసినంక ఒక్కపాలన్న పేల్చి చూడాలె. దసరాకు నా బిడ్డతోని పేల్పిస్తా. దానికి నాకన్న గురెక్కువ,” అన్నాడు. ఆ అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడి నవ్వింది.

నా చెయ్యి జేబులో రెండు కాగితాల మధ్య ఎంతసేపు ఉందో చెప్పలేను. బయటికొచ్చింది చాచా రాసింది. కాంట్రాక్టరు రెండుసార్లు చదివి, తెలియదని రాసిన తుపాకి నాకెందుకయ్యా అని, ఇంకాస్త కూర వేసుకోమన్నాడు.

తిరిగొచ్చి చెబితే చాచా ఏ మెచ్చుకోలూ లేకుండా బయానా పోయిందా అని మాత్రం అడిగాడు. పోయిందన్నాను. రెండేళ్లకు ఆయనా పోయాడు. దుకాణం నుంచి తుపాకి ఏ పోలీసు స్టేషను బీరువాకు చేరిందో తెలియదు. దాని తూటా పేరు ఈనాటికీ తెలియదు. ఇప్పుడు నా దుకాణానికి ఎవరైనా వచ్చి ఈ బోల్టు ఆ మోటారుకు పడుతుందా అని అడిగితే, ఖాయంగా తెలియకపోతే తెలియదనే అంటాను. గిరాకీ పక్క దుకాణానికి పోతుంది.

లెక్క ఇది. బయానా ఇరవై వేలు, పోయింది. వేంసూరుకు రెండుసార్లు, కొత్తగూడేనికి ఒకసారి బస్సు కిరాయి, పోయింది. టైపుకు ముప్ఫై రూపాయలు, దండగ. చాచా కాగితం తీసి ఇచ్చింది నిజాయితీ అని రాసుకోవాలని చాలాసార్లు అనిపించింది, కానీ అది భయం, అలాగే రాస్తున్నాను. చాచా నాలుగు రోజుల కూలి ఆయన అడగలేదు, నేను ఇవ్వలేదు.