ఆస్రా చేసిన పుర్సా ఫోను

మా గల్లీల ఆస్రా ఏం పని చేస్తదో తెలుసుకునేసరికి నాకు ఏడాది పట్టింది. పొద్దుగాల లాప్‌టాప్ ముందర కూసుంటది, ఎవరితోనో ఉర్దూల మాట్లాడుతది, ఇంగ్లీషుల రాస్తది. వాళ్ల నాయన మక్బూల్ కంగ్టి రూటుల ఆటో నడుపుతడు. ఆయన్ని అడిగితే "కంపెనీ పని అక్కా" అంటడు. గంతతోని నా మనసు ఊకుంటదా? ఒకనాడు చిక్కుడుకాయలు పట్టుకపోయి ఆమె పక్కన కూసొని, ఈనెలు తీసుకుంట అడిగిన.

"మీ ఇంట్ల వైఫై డబ్బా ఉన్నది గద పెద్దమ్మా. గసొంటిది ఇక్కడ తయారుచేసి ఇంకో దేశంల ఊకెనే అమ్ముతమంటే అమ్మనియ్యరు. దాని తరంగాలు వాళ్ల పోలీసుల వైర్‌లెస్‌కు, విమానాలకు అడ్డం రావొద్దు. ముట్టుకుంటే షాక్ కొట్టొద్దు. పరీక్షలు చేపిచ్చి, కాగితాలు పంపి, అక్కడి సర్కారు అనుమతి తెప్పిస్తం. అప్పుడే సరుకు రేవు దాటుతది."

"అంగట్ల తూకంరాళ్లకు సర్కారోళ్లు ముద్ర కొట్టినట్టు."

"గట్లనే. గని ఆ దేశపోళ్లు ఒకరు మన తరఫున పూచీ ఉండాలె. అనుమతి వాళ్ల పేరు మీదనే ఇస్తరు."

ఆస్రా ఇక్కడ మా ఖేడ్‌లనే డిగ్రీ చదివింది. కొన్నాళ్లు ప్రైవేటు బడిల పిల్లలకు చెప్పింది, గొంతు పోయి మానేసింది. జహీరాబాద్‌ల కంప్యూటర్ నేర్చుకున్నంక హైదరాబాద్ కంపెనీల ఈ పని దొరికింది. ఆమెకు ఇచ్చింది ఒకటే దేశం, గల్ఫ్ దిక్కుది. పేరు రాయొద్దన్నది, రాయను. అక్కడ పూచీ ఉన్నాయన సాలెం సాబ్. పెద్దమనిషి, ఉర్దూ మంచిగ వస్తది. ఆయనతోని మర్యాదగ మాట్లాడతదనే ఆస్రాను పెట్టుకున్నరు. డబ్బా మీద స్టిక్కర్ వంకరుంటే ఆయన ఫోటో తీసి పంపేటోడు. పని ఒడిసినంక "బేటీ, మీ దిక్కు వాన పడ్డదా" అని అడిగేటోడు. ఈమె ఆయన షుగర్ ఎట్లున్నదో అడిగేది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు నేరుగ చూసింది లేదు.

పోయిన వానకాలం సాలెం సాబ్ గుండె ఆగి చనిపోయిండు.

మనిషి పోంగనే పూచీ పోయింది. అనుమతి అక్కడి ఇంకొకరి పేరు మీదికి మారాలె, దానికి ఆయన ఇంటోళ్ల సంతకం కావాలె. అప్పటిదాంక డబ్బాలన్నీ రేవులనే. హైదరాబాద్‌ల ఆస్రా మీది సారు, థామస్ అని, చెడ్డోడేం కాదు. మూడో దినం చేసే జియారత్ అయిందాంక ఒక్క మాట అనలే. అయినంక ఫోన్ చేసిండు. నేను అక్కడనే ఉన్న.

"ఆస్రా, ఇయ్యాల అడుగు. నువ్వైతేనే వాళ్లు వింటరు. ఇది కాకపోతే నీకు ఇయ్యనీకి నా దగ్గర ఇంకో దేశం లేదు."

"అడుగుతా సార్."

తలమీద చున్నీ కప్పుకొని ఫోన్ కలిపింది. సాలెం సాబ్ భార్యనే ఎత్తింది. సలాం అయిందో కాలేదో, ఈమె ఏడ్చింది. అవతల ఆమె ఏడ్చింది. ఫోన్ స్పీకర్ల ఉండె, నాకంతా వినొస్తుంది.

"మీ ఊరి పేరుకు ఆయన నోరు తిరగకపోయేది బేటీ. అయినా అక్కడ వాన పడ్డదని మాకొచ్చి చెప్తుండె," అన్నది ఆమె. ఇంకొంచెంసేపు అయినంక తనే అడిగింది: "ఆయన పోయి నీ పనేమన్నా ఆగిందా?"

నేను ఎదురుంగ కూసొని చెయ్యి ఊపుతున్న, అడుగు అడుగు అని.

"నా పనేం లేదు చాచీ. పుర్సా ఇయ్యనీకి చేసిన," అని ఆస్రా ఫోన్ పెట్టేసింది.

మా గల్లీల ఎవరి ఇంట్ల చావైనా ఒకటే పద్ధతి. మేము పలకరింపంటం, వాళ్లు పుర్సా అంటరు. పోయి చాప మీద కూసుంటం. ఇచ్చుడు, తీసుకునుడు మాట రానియ్యం. లేచేటప్పుడు పోయొస్తనని చెప్పం, సప్పుడు లేకుంట లేచిపోతం. ఆస్రా ఫోన్ల కూడ గదే చేసింది.

"గామె నోరు తెరిచి అడిగె, నువ్వు చెప్పకపోతివేందే?"

"పని ఫోన్ రేపు చేస్తా. ఇయ్యాలది పుర్సా."

"మరి రేపు చేస్తనని అయినా చెప్పకపోతివి."

"చావింట్ల మళ్లొస్తనని చెప్తరా పెద్దమ్మా?"



మాపటికి థామస్ అడిగితే "రేపు సార్" అన్నది. ఆయన ఓపిక అక్కడికి అయిపోయింది. ఆఫీసుల దుర్గేశ్ అనేటోనితోని అప్పుడే ఫోన్ చేయిచ్చిండు. అక్కడ సాలెం సాబ్ కొడుకు ఎత్తి, అంతా విని, "ఆస్రా చేసింది గని పనేం లేదన్నది. సరే, కాగితం పంపున్రి" అన్నడట. తల్లి సంతకం పెట్టింది. పొద్దు పొడిచేసరికి కాగితం హైదరాబాద్ చేరింది, అనుమతి పేరు మారినంక డబ్బాలు రేవు దాటినయి.

ఎవరూ ఎవరినీ తిట్టలే. "నిన్ను తప్పు పడతలేను. గని దుర్గేశ్‌కు ఉర్దూ సగమే వస్తది, అయినా పని అయింది. ఇగ ఆ దేశం అతనే చూస్తడు," అన్నడు థామస్. ఆస్రా తల్లి చాంద్‌బీ కంపెనీ లాప్‌టాప్‌ను పాత దుప్పట్ల చుట్టి ఇస్తే, మక్బూల్ బస్ డిపోల ఆఫీసుకు పార్సిల్ వేసొచ్చిండు.

నాకు ఊకుండబుద్ధి కాలే.

"అడిగితే వాళ్లకేం బాధ లేకపాయె గద బిడ్డా. ఉత్తగ పోగొట్టుకుంటివి."

"వాళ్లకు లేదు పెద్దమ్మా. నాకుండె."

ఆమె గొంతుల కోపం లేదు.

ఇప్పుడు వేరే కంపెనీలకు రాస్తుంది. మొన్న ఒకళ్లు ఫోన్ల మాట్లాడి, పాత పని ఎందుకు పోయిందని అడిగిన్రట.

"ఏం చెప్పినవే?"

"'నాతోని పనిచేసే పెద్దాయన ఒకరు చనిపోయిండ్రు సార్, అందుకే' అన్న."

వాళ్ల దగ్గర్నుంచి ఇంకా ఏ కబురూ రాలే.