ఎగంబెర్ది అకా బేరింగు కొన్న వైనం

ఉజ్గెన్‌లో బియ్యం మర ఆడించే ఎగంబెర్ది అకాకి, అంటే ఎగంబెర్ది అన్నకి, ఒక జబ్బు ఉంది. ఏ వస్తువైనా సరే, ఆరు చోట్ల ధర కనుక్కుంటే గాని కొనడు. మేజోళ్లయినా అంతే, ఆవయినా అంతే. ఫ్రిజ్జు కొందామనుకున్న ఏడాది అడుగుతూ అడుగుతూ వేసవి దాటించేశాడు. చలి మొదలయ్యాక "ఇప్పుడు దాంతో పనేముంది" అని ఊరుకున్నాడు. దీనికి ఆయన పెట్టుకున్న పేరు జాగ్రత్త. ఆయన భార్య రాబియా పెట్టిన పేరు వేరే ఉంది, అది రాస్తే బాగుండదు. నన్నడిగితే ఇది పిసినారితనం కూడా కాదు. పిసినారి అయితే చివరికి తక్కువ ధరకైనా కొంటాడు. ఈయనకి కొనడం కంటే అడగడం ఇష్టం.

అలాంటి మనిషికి, వరి కోతలై పెళ్లిళ్లు మొదలైన రోజుల్లో, మరలో బేరింగు పోయింది. పక్కవీధి తెషాబాయ్ ఇంట్లో పెళ్లి. పెళ్లినాడు తెల్లవారుజామున ఊరంతా వచ్చి పులావు తింటుంది. ఆ పులావుకి కావలసిన ఎర్రబియ్యం వడ్ల రూపంలో బస్తాలకి బస్తాలు ఈయన మర ముందు పడి ఉన్నాయి. మర్నాటి సాయంత్రానికల్లా బియ్యం పెళ్లింటికి చేరాలి. చేరకపోతే వడ్లు కాలవ అవతలున్న మమసాదిక్ మరకి వెళ్లిపోతాయి. కూలి డబ్బులు పోతే పోయాయి. ఆ మమసాదిక్ పులావు పళ్లెం ముందు కూర్చుని "పాపం, ఎగంబెర్ది మర చతికిలబడిందిగా" అని ఊరందరి ముందూ జాలిపడతాడు. ఆ జాలి తలుచుకుంటేనే ఎగంబెర్దికి ఒళ్లు మండిపోయింది.

పోయిన బేరింగు సోవియట్ కాలంది, పదమూడు సున్నా ఎనిమిది నంబరుది. పోయిన ఏడాది పక్కనున్న మరో బేరింగు పోతే కొత్త సరుకు వేశాడు. అది మూడు పెళ్లిళ్లకి కూడా ఆగలేదు. అందుకే ఈసారి పాతదే కావాలి, గ్రీజు కాగితంలో చుట్టి ఎవరో ఏనాడో దాచిపెట్టినది. అలాంటివి దొరికితే కరాసూ బజారులోనే దొరకాలి.

మర్నాడు పొద్దున్నే బయల్దేరుతుంటే రాబియా డబ్బులు చేతిరుమాలులో ముడివేసి ఇచ్చింది.

"ఇందులో ఎంతుంది?" అన్నాడు.

"చెప్పను. విప్పి లెక్కపెట్టకు. ఎంతుందో తెలిస్తే అది నీ మొహం మీద రాసుంటుంది, కొట్టువాళ్లు చదివేస్తారు. సరిపోతుందిలే, వెళ్లు. ఒకటే కొట్టు, ఒకటే మాట, ఒకటే బేరింగు. విన్నావా, పిల్లల నాన్నా?"

"విన్నాను," అన్నాడు. వినడం నిజమే.

కరాసూలో కొట్లన్నీ ఓడల మీదొచ్చే పెద్ద ఇనప పెట్టెలు. బేరింగులమ్మే వరసలో మొదటి పెట్టె కొసిమ్‌జాన్‌ది.

"సోవియట్‌ది, పదమూడు సున్నా ఎనిమిది, ఉందా?"

"ఉంది అకా, ఉంది. కూర్చోండి, టీ తాగండి."

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ బజారులో ఎవరూ లేదు అనరు. గిరాకీ మొహం మీద లేదు అనడం తలుపు వేయడం లాంటిదని వాళ్ల లెక్క. ఉంది అంటే ఈ బజారులో ఎక్కడో ఒకచోట ఉంటుంది, మీరు టీ తాగేలోపు నేను ఫోన్ చేసి కనుక్కుంటాను అని అర్థం. ఎగంబెర్దికి ఈ సంగతి తెలియదని కాదు. ధరలు అడిగే ఊపులో ఉన్నప్పుడు ఆయనకి తెలిసినవి కూడా గుర్తుండవు.

కొసిమ్‌జాన్ పెట్టె వెనక్కి వెళ్లి ఫోన్లో గుసగుసలాడి వచ్చాడు. "తొమ్మిది వందల సోమ్‌లు, అకా."

మంచి ధర. లోపల తనకీ తెలుసు. అయినా, "అలా ఒక చుట్టు చూసొస్తాను తమ్ముడూ," అని లేచాడు.

రెండో కొట్లోనూ ఉంది. టీ తాగాడు, వెయ్యి అన్నారు. మూడో కొట్లో పదకొండు వందల యాభై. ఎగంబెర్దికి హుషారు వచ్చింది. ఇన్ని కొట్లలో సరుకుంటే ఎవరో ఒకరు దిగిరాక చస్తారా అనుకున్నాడు. నాలుగో కొట్లో పదమూడు వందలు, ఐదో కొట్లో పదిహేను. టీలు కడుపులో కదులుతున్నాయి. ధర మాత్రం దిగడం లేదు, ఆయన ఎంత నడిస్తే అంత ఎక్కుతోంది. కంగారు పుట్టి మళ్లీ కొసిమ్‌జాన్ దగ్గరికి పరుగెత్తాడు.

"పద్దెనిమిది వందలు, అకా."

"పొద్దున తొమ్మిదన్నావుగా?"

"పొద్దున సంగతి పొద్దునే పోయింది. ఉజ్గెన్‌లో మరలన్నీ ఒక్కసారే ఆగిపోయాయంట. బజారంతా అదే గోల. ఈ నంబరు కోసం జనం కొట్టుకుంటున్నారు. మీరు ఆ ఊరోళ్లే కదా, మీకు తెలీదా?"

ఎగంబెర్ది వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు. "ఏమే, మన ఊళ్లో మరలన్నీ ఆగిపోయాయా?"

"మమసాదిక్ మర చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది," అంది రాబియా. "వాడి మనిషి వడ్ల కోసం రెండుసార్లు వచ్చి తొంగిచూసి పోయాడు. నువ్వింకా కొనలేదా?"

ఫోన్ పెట్టేసి ఆరో కొట్టుకి వెళ్లాడు. ఆ కొట్టు యజమాని సత్తార్‌కి చెవుడు, ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే మాట్లాడతాడు. "మునీరా అపా, మీ దగ్గరున్న ఆ పాత పదమూడు సున్నా ఎనిమిది..." అన్నాడో లేదో, అవతలి గొంతు వరసంతా వినిపించేలా పలికింది. "నువ్వు ఆరోవాడివి. ఇవాళ దాన్ని ఎవరికీ అమ్మను, పో. రేపు రెండు వేలంటారు మీరే."

బజారు మొత్తానికి ఉన్నది ఒకటే బేరింగు. దాని కోసం పొద్దుటి నుంచి ఎగబడుతున్న జనమంతా తానొక్కడే. ఆయన్ని చూస్తే నాకు నవ్వొస్తుంది కానీ జాలి కూడా వేస్తుంది, ఎందుకంటే అప్పటికే మధ్యాహ్నం దాటింది.

మునీరా అపా పెట్టె వరస చివర పాత ఇనుము రాసుల పక్కన ఉంటుంది. అందరూ అపా, అంటే అక్కా, అని పిలిచే ఆమె తాతార్ జాతి మనిషి. భర్త బస్సుల డిపోలో మెకానిక్కుగా ఉండి దాచిన సామాను అమ్ముకుంటోంది. ఎన్నేళ్లుగా బజారుకి వస్తున్నా ఎగంబెర్ది ఆ గుమ్మం తొక్కలేదు. ఆమె ఒక ధర చెబితే అదే ధర, బేరం ఉండదని పేరు. బేరం లేనిచోట ఆయనకేం పని?

"అపా, ఆ ఆరుగురూ నేనే," అన్నాడు గుమ్మంలోనే.

మునీరా అపా కళ్లజోడు పైకి తోసింది. "ఏమన్నావు?"

జరిగిందంతా చెప్పాడు. పెళ్లి పులావు సంగతి చెప్పాడు, మమసాదిక్ సంగతి ఇంకాస్త ఎక్కువ చెప్పాడు. ఆమె నవ్వలేదు.

"అంటే పొద్దుటి నుంచి బజారునంతా హడలగొట్టింది నువ్వొక్కడివేనన్న మాట. ఉజ్గెన్‌లో ఏదో ఉపద్రవం వచ్చిందని నా ప్రాణం ఎంత కొట్టుకుందో తెలుసా? మా ఆడబిడ్డ అక్కడే ఉంది." సొరుగు లాగి గ్రీజు కాగితం పొట్లం బల్ల మీద పెట్టింది. "ఇస్తాను. ఒకటే షరతు. ధర అడక్కూడదు. నీ డబ్బు ముడి ఇక్కడ పెట్టు, నాకు న్యాయమనిపించింది తీసుకుంటాను."

"సరే అపా, అడగను. ఎంత?"

పొట్లం సొరుగులోకి వెళ్లిపోయింది.

"తప్పయింది అపా. అలవాటులో వచ్చేసింది. ఇక అడగను."

పొట్లం బయటికి వచ్చింది. ఎగంబెర్ది చెయ్యి చాపాడు. "ఊరికే తెలుసుకుందామని... సుమారుగా ఎంతలో..."

పొట్లం మళ్లీ లోపలికి వెళ్లింది, ఈసారి తాళం కూడా పడింది.

"అపా, మా ఊరి వ్యాను వెళ్లిపోతుంది," అన్నాడు. ఇనప గోడ కేసి తిరిగి, చేతిరుమాలు ముడి వెనక్కి చాపి, నోరు చేత్తో మూసుకుని నిలబడ్డాడు. వెనక ముడి విప్పిన చప్పుడైంది. నోట్లు పెళపెళలాడాయి. చప్పుడుని బట్టి ఎన్ని నోట్లో పోల్చుకుందామని చెవులు రిక్కించాడు. సరిగ్గా అప్పుడే బయట లారీవాడు హారన్ కొట్టాడు. ఆ లారీవాణ్ణి ఆయన ఇప్పటికీ తిడుతుంటాడు.

సాయంత్రం మర తిరిగింది. కొత్తగా పడ్డ పాత బేరింగు నూనె తాగి మెత్తగా పాడుతుంటే ఎర్రబియ్యం జలజలా రాలింది. చీకటి పడకముందే బస్తాలు తెషాబాయ్ గుమ్మం చేరాయి. అంతకుముందే, మర ఇంకా ఆడుతుండగా, మమసాదిక్ కాలవ దాటి వచ్చి, షాఫ్టు దగ్గర చెవి పెట్టి విని, "బాగుంది. ఎంతకొచ్చింది?" అన్నాడు. ఎగంబెర్ది బస్తా మూతి కడుతున్నట్టు వంగిపోయాడు.

ఇంట్లో రాబియా రుమాలు విప్పి, లెక్కపెట్టి, మళ్లీ ముడివేసింది. పెదవుల చివర చిన్న నవ్వు.

"ఎంత తీసుకుంది?"

"రొట్టె చల్లారిపోతోంది, తిను."

"చెప్పవే. నీకు పుణ్యముంటుంది."

రాబియా ఆయన ఎదురుగా కూర్చుంది. నవ్వు పోయింది. "మేజోళ్లు కొనడానికి ఆరు కొట్లు తిరిగే మనిషివి. నన్ను చేసుకునే ముందు ఎన్నిళ్లలో అడిగావు? ఇన్నేళ్లలో అది నాకెప్పుడైనా చెప్పావా?"

ఎగంబెర్ది చేతిలోని రొట్టె ముక్క కింద పెట్టాడు. "ఒక్క ఇంట్లోనే. మీ ఇంట్లోనే అడిగాను."

"అబద్ధం."

"నిజమే. ఇంకెక్కడా అడగాలనిపించలేదు."

రాబియా నమ్మలేదు. మర్నాడు పెళ్లింట్లో క్యారట్లు తరుగుతూ పెద్దాడబిడ్డని విడిగా అడిగింది. తర్వాత ఆయన మేనత్తని అడిగింది. అదీ చాలక, ఆ రోజుల్లో సంబంధాలు కుదిర్చిన ముసలమ్మ పక్కన చేరి, చెవిలో అరిచి మరీ అడిగింది. ముగ్గురూ ఒకటే మాట చెప్పారు.

పెళ్లి ముగిశాక ఇంటికొచ్చి, అడక్కుండానే ఆయనకి టీ పోసి పక్కన కూర్చుంది. కళ్లు కొంచెం ఎర్రగా ఉన్నాయి, ఉల్లిపాయల వల్లనేనంది.

"తొమ్మిది వందలు," అంది. "మునీరా అపా తీసుకుంది తొమ్మిది వందలే."

ఎగంబెర్ది వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"అడగనిచ్చి ఉంటే ఎనిమిదికి ఇచ్చేది," అన్నాడు.