ధర్మవరంలో ఇంధనం లేని ఇంజను

రాకెట్టు పేలిపోతే పేపరువాళ్ళు రాస్తారు. నా ఇంజను పేలలేదు, కాలలేదు, కనీసం పొగ కూడా రాలేదు. అయినా మా నాయన ముందు, పక్కంగడి ఓబులేసు మామ ముందు, సగం బజారు ముందు నా పరువు మాత్రం ఆకాశానికి ఎగిరిపోయింది. ఆ ఘోరాన్ని ఏ పేపరూ రాయలేదు కాబట్టి నేనే చెప్పుకోవాలి. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

అప్పుడు నేను ఇంజనీరింగు చివరి సంవత్సరం. మాది పట్టుచీరల అంగడి. బెంగళూరు వెళ్ళి అంతరిక్ష నౌకల చదువు చదవాలని నా పిచ్చి. నన్ను అంగట్లో కూర్చోబెట్టాలని నాయనది అంతకన్నా పెద్ద పిచ్చి. సరిగ్గా అప్పుడే ఇంటర్నెట్టులో నా కంట్లో పడింది మైక్రోవేవ్ ఇంజను. ఒక రాగి డబ్బా, ఒక కొస వెడల్పు, ఇంకో కొస ఇరుకు, అచ్చం నీళ్ళ బకెట్టు. మూత బిగించి లోపలికి మైక్రోవేవ్ తరంగాలు వదిలితే అవి గోడలకు కొట్టుకుని డబ్బాను ఒకవైపుకు నెడతాయట. చుక్క ఇంధనం అక్కర్లేదు! పెద్ద పెద్ద ప్రయోగశాలల వాళ్ళు పరీక్షించి పెదవి విరిచారు. వాళ్ళకు చేతకాలేదని తీర్మానించి, నేనే ఒకటి తయారుచేశాను.

ఆ నెట్టుడు ఉన్నా చీమ తోసినంతే. అది కంటికి కనబడాలంటే వెదురుకర్రకు ఒక కొసన డబ్బా, ఇంకో కొసన తూకపు రాయి కట్టి, నడిమికి దారం వేసి దూలానికి వేలాడదీయాలి. దారానికి మా ఇంట్లో కరువా? మా ఇంట్లో చీపురుకు కూడా పట్టుపోగులు చుట్టుకుంటాయి. నాలుగు పోగులు కలిపి, తెగకుండా ఉండాలని నా చేతులతోనే గట్టిగా పురి పెట్టి కట్టాను. బ్యాటరీ తగిలించి స్విచ్చు వేశాను. కర్ర తిరిగింది!

ఒక్క గంతులో అంగట్లో పడ్డాను. "నాయనా! నా ఇంజను ఇంధనం లేకుండా చంద్రుడి దాకా పోతాది!"

"చంద్రుడి సంగతి తర్వాత. మన అంగడి దాకా వస్తాదా?"

"నవ్వొద్దు నాయనా. అది తిరిగితే నన్ను బెంగళూరికి పంపిస్తావా?"

నాయన చేతిలోని చీర మడిచి పక్కన పెట్టాడు. "సరే. రేపు నలుగుర్నీ పిలుస్తా. వాళ్ళ ముందర తిరిగిందంటే పంపిస్తా. తిరగలేదా, మారుమాట్లాడకుండా ఈడ కూర్చుని చీరలు మడతేయల్ల."

మర్నాడు నలుగురంటే నలభైమంది వచ్చారు. మే నెల ఎండ. గాలి తగిలితే పరీక్ష చెడుతుందని నేను తలుపులు, కిటికీలు మూసేసి ఫ్యాను కూడా ఆపేశాను.

"ఏమప్పా, ఇంజనుకు పరీక్షనా, మమ్మల్ని ఉడకబెట్టే పరీక్షనా?" అన్నాడు ఓబులేసు మామ, తువ్వాలు పిండుకుంటూ.

"గాలికి తిరిగిందని రేపు నువ్వే అంటావు మామా!"

అంత జాగ్రత్తపరుణ్ణి మరి! పెద్దల నెత్తిన డబ్బా పడకూడదని దారానికి ఇంకాస్త పురి పెట్టాను కూడా. కర్రను చేత్తో పట్టుకుని అంతరిక్షం మీద ఉపన్యాసం దంచాను. "మూడు, రెండు, ఒకటి" అని స్విచ్చు నొక్కి కర్ర వదిలాను.

"తిరగతాండాది! తిరగతాండాది!" ఒకటే చప్పట్లు. నాయన లేచి నిలబడి పక్కవాడి భుజం తట్టి, "మావాడే!" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చినంత సంతోషమైంది.

అప్పుడు అమ్మ మజ్జిగ గ్లాసులతో తలుపు తోసుకుని వచ్చింది. పళ్ళెంలో గ్లాసుల పక్కన నల్లటి పెట్టె.

"ఒరే, ఇది నీదే కదా? పొద్దున వంటింట్లో ఛార్జింగుకు పెట్టి మర్చిపోయినావే. నిండినట్టుండాది, తీసుకో."

బ్యాటరీ.

కర్ర మాత్రం హాయిగా తిరుగుతూనే ఉంది. కాసేపటికి నెమ్మదించి, ఆగి, ఆలోచించుకున్నట్టు నిలబడి, మెల్లగా రెండోవైపుకు తిరగడం మొదలుపెట్టింది.

"అయ్యో, బ్యాటరీ మర్చిపోయినానని ఎనక్కి వస్తాండాదప్పా!" అన్నాడు ఓబులేసు మామ.

నలభై తలలూ ఒక్కసారిగా పైకి లేచాయి, దారం వైపు. అందరూ పట్టులో పుట్టి పట్టులో పెరిగినవాళ్ళే. పురి పెట్టిన దారానికి బరువు కట్టి వదిలితే అది విప్పుకుంటూ తిరుగుతుందని మా వీధిలో ఊయలలోని పాపకు కూడా తెలుసు. స్విచ్చు వేయకుండా ముందొక్కసారి చూసి ఉంటే నాకూ తెలిసేది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని అంతరిక్షమంతా గాలించిన ఘనుణ్ణి నేను.

నాయన ముఖం చూడలేక నేనే మూలనున్న చీరల కట్ట దగ్గరికి వెళ్ళి ఒక చీర తీసి మడత పెట్టడం మొదలుపెట్టాను. అప్పటిదాకా నాయన ఆపుకున్న నవ్వు అప్పుడు కట్టలు తెంచుకుంది. కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుని, నా చేతిలోని చీర లాక్కున్నాడు.

"ఆ చీర ఈడ పెట్టు. తిరిగితే పంపిస్తా అన్నా, తిరిగింది. బ్యాటరీ ఉండల్లని నేను చెప్పలేదు గదా! పో బెంగళూరికి. ఆడన్నా నీకు ముందు స్విచ్చు చూసుకునేది నేర్పిస్తారేమో."

వెళ్ళాను, చదివాను, నేర్చుకున్నాను. మా దూలం సాక్షిగా, ఆ రాగి డబ్బా సాక్షిగా ఆరోజే ఘోర ప్రతిజ్ఞ చేశాను: ఏ యంత్రం తిరిగినా సరే, దాన్ని ఒకసారి ఆపి చూడనిదే నమ్మను. ఆ మాట ఈనాటికీ తప్పలేదు. అందుకే ఈ ధర్మవరం ఎండల్లో మా ఇంట్లో ఎవరూ నన్ను ఫ్యాను స్విచ్చు దగ్గరికి రానివ్వరు.