మా అత్త తుంచిన మొగ్గ

గని క్వార్టర్లలో తోట అంటే ఇంటి ముందు నాలుగడుగుల నేల. బంగళా ఖాళీ చేసి పోతూ ఒక ఆఫీసరమ్మ మా ఆవిడకు మూడు గడ్డలు ఇచ్చింది. చూడ్డానికి కూరలో వేసే ఎర్రగడ్డలే, అదే ఉల్లిగడ్డలే. కాడ చివర చిన్న పూలన్నీ కలిసి ఊదారంగు బంతిలా గుండ్రంగా పూస్తుందనీ, చలి తగలకపోతే పూయదనీ చెప్పింది. ఇంగ్లీషు పేరేదో కూడా చెప్పింది గానీ, ఆ పేరు పలకాలంటే నేను ఇంకో నాలుగేళ్ళు బడికి పోయుండాలి. ‘పూల ఎర్రగడ్డ’ అని నేనే పేరు పెట్టేశాను.

ఆ బంతిని చూడాలని మా ఆవిడకు పట్టుకుంది. మొదటి ఏడు ఆకులే. రెండో ఏడు రెండు గడ్డలు కుళ్ళాయి. మూడో ఏడు మిగిలినదాన్ని సోడా అంగడి ఐస్‌పెట్టెలో రెండు నెలలు దాచాం. “దీనికి జలుబు చేస్తే నన్ను అడగొద్దప్పా” అనేవాడు అంగడాయన. నాటాక ఆకుల నడుమ కాడ లేచింది, చివర మొగ్గ. పొద్దున్నే నా మొహం కంటే ముందు దాని మొహం చూసేది మా ఆవిడ.

అప్పుడే బైరకూరు నుంచి మా అత్త వచ్చింది. ఎర్రగడ్డ పండించే చెయ్యి. పూతకొచ్చిన కాడను తుంచితేనే గడ్డ ఊరుతుందని వాళ్ళ ఊళ్ళో అందరికీ తెలుసు. మేం నిద్ర లేచేలోగా తుంచేసింది.

“పూత వచ్చేదాకా చూస్తా కూర్చున్నారా? ఇంగ గడ్డ ఊరుతుంది పో.”

మా ఆవిడ గడపలోనే కూలబడింది. “అమ్మా, మూడేండ్లుగా ఆ పువ్వు కోసమే కాసుకోని ఉండానే!”

“ఎర్రగడ్డ పువ్వులో చూసేదేముండాది?” అంది గానీ, అత్త గొంతు దిగిపోయింది.

“నా తల తుంచినా మీ కూతురు ఇంత ఏడ్చుండదత్తా” అన్నాను.

“నీ తలకు పూత యాడుండాదప్పా!”

అత్త ఆ మొగ్గను కాడతో సహా చెంబు నీళ్ళలో పెట్టి, తాగే నీళ్ళ కుండ పక్కన చల్లగా ఉంచింది. రోజూ నీళ్ళు మార్చి, కాడ అడుగున కొంచెం కోసేది. మర్నాడే పోవాల్సిన మనిషి ఊరి మాటే ఎత్తలేదు. నాలుగో రోజు మొగ్గ పైపొర చిట్లింది. వారానికి బంతి విచ్చుకుంది, నారింజకాయంత.

చూడవచ్చిన ఇరుగుపొరుగుకు అత్త చెప్పింది: “బయట ఉంటే ఎండకు మాడిపోయుండేది. నేను తుంచినందుకు బతికింది.”

మా ఆవిడ చెంబు ముందు కూర్చుంది. ఆ బంతిలోని చిన్న చిన్న పూలు ఎంచుతూ, నలభై దగ్గర లెక్క తప్పి, నవ్వి, మళ్ళీ మొదటినుంచి ఎంచింది.