అన్ని గొర్రెలకూ ఒకే జవాబు

అత్తిముగంలో తెల్లవారుజామున మా గొర్రెలు మంచులో సగం కనిపించీ సగం కనిపించకా నిలబడి ఉంటాయి. హోసూరు వెళ్లే కంపెనీ బస్సు కోసం రోడ్డు మీద ఎదురుచూస్తూ వాటిని చూస్తుంటే నాకు ఇంకా నిద్ర లేవనట్టే ఉండేది. అలాంటి ఒక పొద్దున, వీటన్నిటినీ ఫోన్లో ఒక ప్రోగ్రాంలోకి ఎక్కిద్దామనిపించింది.

రాశాను. గొర్రె అని ఒక క్లాసు. అది అచ్చు, దాంట్లోంచి ముప్పై గొర్రెలు. ఒక్కోదానికి తన రంగు, తన వయసు. ఇవి అట్రిబ్యూట్లు. సూది వేయడం ఒక మెథడ్, అంటే గొర్రెకు జరిగే పని. దాన్ని ఏ గొర్రె మీద పిలిస్తే ఆ గొర్రె సూదుల జాబితాలోనే తేదీ చేరాలి.

అమ్మ పద్ధతి వేరు. సూది పడిన గొర్రె వీపు మీద వేలితో ఎర్రమన్ను రాస్తుంది. ఫోన్ గుర్తుపెట్టుకుంటుంటే ఇంకా ఈ పూతలెందుకని నవ్వి, మాన్పించాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

వానలకు ముందు, గొర్రెను పూటలో చంపేసే చిటుక రోగం రాకుండా సూదులు వేయడానికి పశువుల డాక్టరు వచ్చిన రోజు, అమ్మ గులాబీ తోటలో కూలికి పోయింది. ఆయన వేస్తుంటే నేను ఫోన్లో నొక్కుతూ పోయాను. సాయంత్రం అమ్మ అడిగితే, అన్నిటికీ అయిందని ఫోన్ చూపించాను.

మొదటి వానలకు చుక్కల గొర్రె ఒక్క పూటలో చనిపోయింది. దాని పిల్ల పొదుగు వెతుక్కుంటూ చుట్టూ తిరిగింది. పక్క చేని ఆమె వచ్చి, డాక్టరు వచ్చిన రోజు అది కంప కంచె దాటి తన చేలోనే మేసిందని చెప్పింది.

ప్రోగ్రాం తెరిచి చూశాను. సూదుల జాబితాను ఒక్కో గొర్రెకు విడిగా పెట్టాల్సింది పోయి, క్లాసులోనే పెట్టాను. మంద మొత్తానికీ అదొక్కటే జాబితా. మొదటి గొర్రెకు నొక్కగానే ముప్పైకీ సూది పడినట్టు అయిపోయింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

అమ్మకు దాచకుండా చెప్పాను. తిట్టి ఉంటే బాగుండేది. గొర్రెపిల్లను ఒడిలో పెట్టుకుని, "సూది పడిందా అని గొర్రెనే అడగల్ల పాపా. మందనడిగితే అది అవుననే అంటాది," అంది.

జాబితాను ఒక్కో గొర్రె లోపలికి మార్చాను. ఒక వరుస దిద్దితే సరిపోయింది. చుక్కల గొర్రె దగ్గర మాత్రం ఆగిపోయాను. సూది వేయడానికి, ఈనడానికి, అమ్మడానికి మెథడ్లు రాసుకున్నాను కానీ, చావుకు రాయలేదు. అందుకని ఫోన్లో అది రెండేళ్ల వయసుతో ఇంకా బతికే ఉంది. మార్చడానికి నాకు చేతులు రాలేదు.