బాపు పూసిన టించర్

నా బిడ్డ నెలలు నిండకుండానే పుట్టింది. నల్లగొండ దవాఖానలో అద్దాల పెట్టెలో ఉంచి, గండం గడిచాక మా చేతిలో పెట్టారు. పానగల్ దగ్గర మా తల్లిగారింటికి తెచ్చుకున్నాం. బొడ్డు ఇంకా పచ్చిగానే ఉంది. నూనె, పసుపు, బూడిద ఏదీ పెట్టొద్దని నర్సు మరీ మరీ చెప్పింది.

మా నాన్నను బాపు అంటాం. గొర్లు కాస్తాడు. సర్కారు గొర్లు పంచిన ఏడాది పశువుల డాక్టరు ఆయనకో పని నేర్పాడు. ఈనగానే పిల్ల బొడ్డును టించర్‌లో ముంచాలి. అప్పటి నుంచి మా మందలో ఒక్క పిల్లకూ బొడ్డు చీము పట్టలేదు. నర్సు వద్దన్నవన్నీ ఇంటి వైద్యాలు, ఇదేమో డాక్టర్ల మందు అనుకున్నాడు బాపు. గొర్రెపిల్లకు ఒక్కసారి ముంచి వదిలేసే మనిషి, మనవరాలి మీద ప్రేమకొద్దీ పూటపూటకూ దూదితో పొట్టంతా పూసి బట్ట చుట్టేవాడు.

పిల్ల ఏడవడం తగ్గింది. పాలకు కూడా లేవకుండా పడుకునేది. ఎంత బుద్ధిమంతురాలో అని చూడవచ్చినవాళ్లు మురిసిపోయారు. తల్లిలాగా గయ్యాళి కాదని నన్ను ఆటపట్టించారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మళ్లీ చూపించడానికి పోయినప్పుడు పొట్ట మీది గోధుమరంగు మరక చూసి డాక్టరమ్మ ముఖం మారింది. రక్తం పరీక్ష చేయించింది. ఇలాంటి పిల్లల చర్మం పల్చన, టించర్‌లోని అయోడిన్ లోపలికి ఇంకి గొంతులోని థైరాయిడ్‌ను పనిచేయనివ్వలేదని చెప్పింది. పిల్ల మగతకు అదే కారణం, మెదడు ఎదగాలంటే అది పనిచేయాల్సిన రోజులివి అంది. టించర్ మానేసి గోళీలు మొదలుపెట్టాం. థైరాయిడ్ కోలుకుంది. కానీ తోటిపిల్లలు ఉరికే వయసుకు నా బిడ్డ కూర్చోవడం నేర్చుకుంది.

బొడ్డు ఆరింది, ఇక టించర్ అక్కర్లేదని మాత్రం బాపుకు చెప్పి, అసలు సంగతి చెప్పొద్దని ఇంట్లో అందరినీ బతిమాలాను. ఎలా పసిగట్టాడో, ఒకరోజు మా వెంట దవాఖానకు వచ్చి, పిల్ల ఎదుగుదల ఎందుకు వెనకబడిందని డాక్టరమ్మనే అడిగాడు. నెలలు నిండకపోవడం వల్ల కావచ్చు, టించర్ వల్ల కావచ్చు, తేల్చి చెప్పలేనంది ఆమె. బయటికి రాగానే ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"విన్నవా బాపూ? నీ వల్లనే అని అనలేదు గద."

"కాదని గూడ అనలే బిడ్డా."

బస్సులో పిల్లను ఆయన ఒళ్లో పెట్టబోయాను. చేతులు వెనక్కి తీసుకుని కిటికీ వైపు తిరిగాడు. ఊరొచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాడు. ఆనాటి నుంచి దాన్ని ముట్టుకోలేదు. దానికేం తెలుసు, తాత గడపలో కనిపిస్తే చాలు, ఎత్తుకొమ్మని చేతులు చాస్తుంది.